కడిగిన పన్ను

ఆ పన్ను ఊడగొట్టింది నేనే, కడిగింది నేనే. ఊడగొట్టినందుకు మా యారాలు నన్ను ఒక్క మాట అనలే. కడిగినందుకే ఇప్పటిదాక మాఫ్ చేస్తలేదు.

ముందుగాల నా సంగతి చెప్త, లేకుంటే ఇదంత మీకు ఎక్కదు. నా చెయ్యి మంచిది కాదు. నోట్లకెల్లి మాట ఎల్లకముందే చెయ్యి లేస్తది. ఒకపారి నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోల పోతుంటే పక్కన కూసున్నోడు మోచెయ్యి నా మీదికి జరుపుతుండు. ఒకసారి చూసిన, రెండుసార్లు చూసిన. మూడోసారి స్టీలు టిఫిన్ డబ్బా తీసి వాని ముక్కు మీద దంచిన. డబ్బా సొట్టబోయింది. వాని ముక్కుకెల్లి రక్తం బొటబొట కారింది, నా పప్పంత వాని అంగీ మీద పడ్డది. ఆటోల ఉన్న ఆడోళ్ళంత శభాష్ అన్నరు. డ్రైవరన్న నా దగ్గర కిరాయి గూడ తీసుకోలే. ఆ దినమంత నేను ఛాతి ఇరుచుకొని తిరిగిన.

గాడనే చెడిపోయిన. వాన్ని కొట్టినందుకు కాదు, వానికి కావల్సిందే. కొడితే శభాష్ అంటరని చేతికి ఎరుకైంది. ఇగ దానికి మంచీ చెడ్డా లేదు. కూరగాయల బండోని తరాజు గుంజి కొట్టిన. మా ఆయన ఓసారి తాగొచ్చి నా మీద చెయ్యి లేపితే పప్పుగుత్తి తీసుకొని ఈపు పగలగొట్టిన. అప్పటికెల్లి మా ఇంట్ల కొట్లాట మొదలైతే ఆయన చెప్పులు తొడుక్కొని బయటికి పోతడు. పిల్లలు గూడ నా మాట ఇనరు, నా చెయ్యి ఏడున్నదో చూస్తరు. గది చూసి నేను మురిసిన రోజులున్నయి. చెప్పుకునేటందుకు సిగ్గైతుంది గని అబద్ధమెందుకు?

మాది పాలమూరు దిక్కు. పట్నం వచ్చి పన్నెండేండ్లు. మా ఆయన, మా మరిది ఇద్దరు సెక్యూరిటీల చేస్తరు. ఒకే గల్లీల, గోడకు గోడ, రెండు అర్రలల్ల ఉంటం. నేను ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌ల ఒక అద్దాల బిల్డింగుల హౌస్‌కీపింగ్ చేస్తుంటి. తొమ్మిదో ఫ్లోర్, ఆడోళ్ళ వాష్‌రూమ్‌లు, పదేండ్లు. నా అంత మంచిగ కడిగేటోళ్ళు ఆ బిల్డింగుల లేకుండె. మా సూపర్‌వైజర్ సారు తెల్ల దస్తీ తీసి నల్లా ఎనక రుద్ది, ఆ దస్తీ అందరికీ చూపిచ్చేటోడు. చూడుండ్రి, ఏమన్న అంటిందా అని. నాకు ఒకటే పద్ధతి. మరక కనపడ్డదంటే పోయేదాక రుద్దాలె. కండ్లకు కనపడకున్న గోరు పెట్టి గీరి చూడాలె. గోటికి ఏదన్న తగిలిందా, ఇంక మురికి ఉన్నట్టే. మళ్ళ రుద్దాలె.

మా యారాలు, అంటే మా మరిది పెండ్లాం, నాకంటే పదేండ్లు చిన్నది. లగ్గమై వచ్చిన ఏడాదికే నేనే ఏలువట్టి తీస్కపోయి పనిల పెట్టిచ్చిన. గోరు పెట్టి చూసుడు నేనే నేర్పిన. మొదట్ల సరిగ చెయ్యకుంటే చేతి మీద ఒకటి ఏసి మళ్ళ చేపిచ్చిన. కొడితే ఏడుస్తదేమో అనుకుంటే నవ్వేది. దానికి భయమైనా నవ్వే, ఏడుపొచ్చినా నవ్వే. ఏం పండ్లవి! పై వరుస దారం పట్టి పెట్టినట్టు ఉండేది. అది నవ్వితే కంప్యూటర్ల ముందర కూసున్న ఆడపిల్లలు గూడ తల లేపి నవ్వేటోళ్ళు. నాకు మాత్రం తల లేపకుంటనే టిష్యూలు అయిపోయినయని చెప్పేటోళ్ళు.

ఇగ అసలు సంగతి. మా బిల్డింగుల పాంట్రీ పని దొరికిందంటే సగం బతుకు బాగుపడ్డట్టే. చాయ్, కాఫీ పోసుడు, మీటింగులల్ల నీళ్ళ సీసలు పెట్టుడు, కప్పులు సర్దుడు. యాసిడ్ ఉండదు. మోరీ జాలికెల్లి ఎవరివో ఎంటికలు తీసే పని ఉండదు. నా చేతులు చూస్తే మీకే తెలుస్తది, ఏలి ముద్రలు అరిగిపోయినయి. పొద్దుగాల హాజరు మిషిన్ల ఏలు పెడితే నాలుగుసార్లకు గని తీసుకోదు. మూడేండ్లల్ల మూడుసార్లు అడిగిన సారును, నన్ను పాంట్రీకి మార్చుమని. చూద్దాం లేమ్మా అన్నడు మూడుసార్లూ.

ఒక గురువారం నాడు ఎవరో చెప్పిండ్రు, సోమవారం బయటి దేశపోళ్ళు వస్తున్నరట, పాంట్రీల నవ్వు మొఖం ఉండాలన్నరట, మీ యారాలును తీసుకున్నరట అని. ఎవరో చెప్తే తెలిసింది. అది చెప్పలే. ఆ మాపు ఇంటికి పోయి అన్నం కుండ పొయ్యి మీదనే మాడబెట్టిన.

తెల్లారి శుక్రవారం, పదకొండు దాటింది. నేను వాష్‌రూమ్ తలుపు దగ్గరికేసి నేల తుడుస్తున్న. అది లోపలికొచ్చింది. పాంట్రీ కోటు ఏసుకున్నది, నల్లది, తెల్ల అంచుది. అద్దం ముందర నిలబడి ఇటు తిరిగింది, అటు తిరిగింది.

"ఎట్లున్న అక్కా?"

నేను మాప్ బకెట్ల ముంచి పిండిన.

"కోపమొచ్చిందా? నీకు ముందే చెప్దామనుకున్న. జర భయమైంది."

"భయమెందుకే? అడిగి తెచ్చుకున్నవా, పండ్లు ఇగిలిచ్చి తెచ్చుకున్నవా?"

"నేను అడగలే అక్కా, ఒట్టు. మా అక్కకే ఇయ్యుండ్రి అని చెప్పిన సారుకు. ఆయనేమన్నడో ఎరికేనా? ఆమె మొఖం చూస్తే పాలు ఇరుగుతయన్నడు!"

అని నవ్వింది.

భయానికే నవ్వింది. నాకు తెల్సు. తెల్సిగూడ నా ఒళ్ళంత భగ్గుమన్నది. మాప్ కర్ర నా చేతుల తిరిగింది. కర్ర మీది కొస పోయి దాని మూతి మీద తగిలింది. టక్కుమని సప్పుడైంది. అది మూతి పట్టుకొని ఒంగింది, ఏళ్ళ సందులకెల్లి రక్తం కారి కొత్త కోటు మీద పడ్డది. నేను ఆగిన్నా? ఆగలే. భుజం మీద ఇంకోటి ఏసిన. అప్పుడు అది లేసింది. ఎన్నేండ్ల కోపమో అంత కలిపి లేసింది. నా కొప్పు పట్టి గుంజి, నా తల సింకు గట్టుకు కొట్టింది. ఇద్దరం తడి నేల మీద పడ్డం. నేను దాని గొంతు పట్టిన, అది నా ఎడమ మణికట్టు పట్టి కొరికింది. ప్రాణం పెట్టి కొరికింది. ఇడిపిచ్చుకునేటందుకు దాని చెవు మీద ఒక్కటి కొట్టిన. దాని రక్తమేదో నా రక్తమేదో టైల్స్ మీద తెల్వకుంట అయింది.

గప్పుడే తలుపు కొట్టిండ్రు. "టూ మినిట్స్ మేడమ్, క్లీనింగ్!" అని ఒర్రిన. గొంతు మాత్రం రోజు ఎట్లుంటదో గట్లనే వచ్చింది.

అది గోడకు ఆనుకొని కూసొని నోరు తెరిచింది. పై వరుసల నడిమిట్ల ఒక పన్ను లేదు. మొదలుకెల్లి పోయింది. నా కోపం ఎటుపోయిందో ఏమో. నేనెంత పని చేసిన! నేను తీస్కొచ్చిన పిల్ల, నా చేతుల అన్నం తిన్న పిల్ల. సోమవారం పోయి పాంట్రీల నిలబడాల్సిన పిల్ల.

"అక్కా," అన్నది, రక్తం మింగుకుంట, "పన్ను ఏడ పడ్డదో దేవులాడు. డాక్టర్లు మళ్ళ పెడ్తరంట. ఫోన్ల చూసిన. జల్ది తీస్కపోతే అతుక్కుంటదంట."

ఆ మాటతోని నాకు పాణం లేసొచ్చింది. మోకాళ్ళ మీద పాకుకుంట ఎతికిన. మూడో లెట్రిన్ల, బ్రష్ పెట్టే డబ్బా ఎనక దొరికింది. పన్ను ఇంత పొడుగుంటదని నాకు తెల్వదు. బయటికి కనపడేది సగమే. దానికి ఒక ఎంటిక చుట్టుకున్నది, నేల మీది మురికి అంటింది. లెట్రిన్ నేల మీద పడ్డదాన్ని నోట్ల ఎట్ల పెడ్తరు? మనిషి నోరు గద.

కడిగిన. ముందుగాల నల్లా కింద కడిగిన. సరిపోలే అనిపించింది. సింకులకు కొట్టే గులాబీ రంగు మందు రెండు సుక్కలు ఏసి, పచ్చ స్క్రబ్బర్ తీసుకొని రుద్దిన. పైన తెల్లగ అయింది. కింది సగం, చిగుళ్ళల్ల ఉండే సగం, ఎర్రగనే ఉంది. ఇంకా రుద్దిన. గోరు పెట్టి చూసిన. గోటికి ఏదో తగిలింది. సన్నగ, మెత్తగ, కండ పోగు. నా చెయ్యి ఒక్కసారి ఆగింది. మళ్ళ రుద్దిన. పోయేదాక రుద్దిన.

"అయ్యిందా అక్కా?" అని అది అడుగుతనే ఉన్నది.

"ఆగే, మంచిగ కడుగుతున్న."

మూడుసార్లు కడిగి, చేతులకు కొట్టుకునే శానిటైజర్ కొట్టి, టిష్యూల సుట్టి జాకెట్ల పెట్టుకున్న. అద్దం మీది రక్తం, నేల మీది రక్తం గూడ తుడిచిన. ఎవరన్న చూస్తే నా నౌకరి పోతదని తుడిచిన, ఉన్న మాట చెప్తున్న.

సూపర్‌వైజర్ సారు ఉరికొచ్చిండు. ఏమైందమ్మా అంటే నేను నోరు తెరవకముందే అది చెప్పింది. "తడి నేల మీద జారిన సారు. సింకు తగిలింది." బోర్డు పెట్టలేదా అంటే, మర్చిపోయిన అన్నది. తప్పంత దాని నెత్తినే ఏసుకున్నది. నేను తల ఒంచుకొని నా మణికట్టు చీర కొంగుల దాచుకున్న.

ఆటోల అది నా భుజం మీద తల పెట్టింది. నేను పగలగొట్టిన మూతే, నా భుజం మీదనే పెట్టింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్ల "పన్ను ఉంది గద అక్కా" అని అడిగింది. ఒకసారి టిష్యూ ఇప్పి చూపిచ్చిన. ఎండల పన్ను తళతళ మెరిసింది. అది దస్తీ ఎనకాలకెల్లి తల ఊపింది, ఖుషీ అయింది.

పండ్ల దవాఖానల డాక్టరమ్మ కోస్తా దిక్కామె, చిన్న వయసే. కుర్చీల పండబెట్టి, లైట్ ఏసి, నోరు చూసింది.

"ఎంతసేపైందండీ?"

"ముప్పావు గంట అయుంటది మేడమ్."

"పర్లేదండి, తొందరగానే వచ్చారు. ఎముక బానే ఉంది. పెట్టేద్దాం. పన్ను తెచ్చారా?"

నేను గర్వంగ తీసిచ్చిన. ఆమె టిష్యూ ఇప్పింది. లైట్ కింద ఇటు తిప్పింది, అటు తిప్పింది. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది.

"దీన్ని ఎవరు కడిగారండీ?"

"నేనే మేడమ్. మంచిగ కడిగిన. మూడుసార్లు, మందు పెట్టి, స్క్రబ్బర్‌తోని."

ఆమె పన్నును ప్లేట్ల పెట్టింది. కోపం చెయ్యలే, చేసినా బాగుండు. "ఈ వేరు మీద సన్నగా పోగుల్లా ఉంటాయండి. ప్రాణమున్న కండ అది. పన్ను మళ్ళీ పట్టుకునేది దాంతోనే. మీరు మొత్తం గీకేశారు. మురికి ఉంటే నేను చూసుకునేదాన్ని కదండీ. అలాగే తీసి పాలల్లో వేసి తెచ్చుంటే సరిపోయేది."

"పాలా?"

"మామూలు ప్యాకెట్ పాలేనండి. ఇప్పుడు పెట్టినా నిలవదు. గాయం మానాక కట్టుడు పన్ను పెట్టించుకోవాలి. మూడు నెలలైనా ఆగాలి."

వాష్‌రూమ్‌కెల్లి పాంట్రీకి ఇరవై అడుగులు గూడ లేవు. ఫ్రిజ్ నిండ పాల ప్యాకెట్లే ఉంటయి. నా యారాలు సోమవారంకెల్లి తియ్యాల్సిన ప్యాకెట్లు.

అది కుర్చీలకెల్లి తల తిప్పి నా దిక్కు చూసింది. కర్రతోని కొట్టినప్పుడు గూడ అది నన్ను గట్ల చూడలే. తిరిగొచ్చేటప్పుడు ఆటోల డ్రైవర్ పక్కకు పోయి కూసున్నది. దిగినంక ఒక్కటే అడిగింది.

"కోపంల కొట్టినవ్. నీ చెయ్యి సంగతి నాకు తెల్వదా? కడిగిందెందుకు?"

"మురికి ఉండెనే. లెట్రిన్ల పడ్డది గద. నీ మంచికే కడిగిన. నా పిల్లల మీద ఒట్టు."

అది లోపలికి పోయి తలుపేసుకున్నది. మొగునికి గూడ జారిపడ్డ అనే చెప్పింది. రెండు దినాలు గోడ అవతల దాని సప్పుడు ఇనుకుంట కూసున్న. గోడకు నా తల కొట్టుకుంటె గూడ పలకలే.

సోమవారం పొద్దుగాల ఏడింటికి సెల్లార్ల అందరం వరుసల నిలబడ్డం. అది మాస్కు పెట్టుకొని చివర్ల నిలబడ్డది. సారు కోటు ప్యాకెట్ పట్టుకొని వచ్చి దాన్ని దాటి నా ముందర ఆగిండు.

"పన్ను ఊడిన మొహంతో ఆమెను పాంట్రీలో పెట్టలేం. నువ్వు చెయ్యమ్మా ఈరోజు నుంచి. నవ్వు లేకపోయినా సర్దుకుంటాం. నీ అంత బాగా కడిగేవాళ్ళు ఎవరున్నారు?"

గా మాటే అన్నడు. మెచ్చుకొనే అన్నడు. నేను చూడొద్దు అనుకుంటనే చివరికి చూసిన. అది నన్నే చూస్తున్నది. దానికి లెక్క కుదిరింది. కొట్టింది పాంట్రీ కోసం, కడిగింది పాంట్రీ కోసం. ప్యాకెట్ల ఉన్నది గదే కోటు, ఉతికిచ్చి తెచ్చిండ్రు. కాలర్ కాడ మరక అట్లనే ఉండె. పదేండ్లు నేను కోరుకున్న కోటు అది.

నా చెయ్యి లేసింది. సారు ఒకడుగు ఎనక్కి జరిగిండు. ప్యాకెట్ గుంజుకొని ఆయన ఛాతి మీద కొట్టిన. "అది జారిపడలే! నేనే కొట్టిన! మాప్ కర్రతోని మూతి పగలగొట్టిన! నా మొఖం చూస్తే పాలు ఇరుగుతయన్నవ్ గద, నిన్ను కొట్టాల్సింది పోయి దాన్ని కొట్టిన!" అని సెల్లారంత ఇనపడేటట్టు ఒర్రిన. సెక్యూరిటోళ్ళు ఉరికొచ్చి రెక్కలు పట్టిండ్రు. మెడల కార్డు తెంపుకున్నరు. నేను కొట్లాడలే. కొట్టిన సంగతి అందరి ముందర ఒప్పుకుంటే, కడిగిన సంగతి అది నమ్ముతదని నా ఆశ. గంతే.

గేటు దాటినంక ఎనకనుంచి ఉరికొచ్చింది. మాస్కు కిందికి గుంజుకున్నది.

"ఇప్పుడన్న నమ్ముతవానే? నౌకరి పోయింది చూడు."

"కొట్టిన సంగతి నేనెప్పుడన్న అడిగిన్నా అక్కా? అది నేనే దాచిన గద."

"మరేం చెయ్యమంటవే?"

"గోరు పెట్టి చూసుడు నాకు నువ్వే నేర్పినవ్. పదేండ్లు కడిగిన చెయ్యి నీది. గోటికి తగిలింది మురికో మాంసమో నీకు తెల్వదా?"

షేర్ ఆటో వచ్చింది, ఎక్కిన.

ఇప్పుడు చందానగర్ దిక్కు ఒక అపార్ట్‌మెంట్‌ల మెట్లు కడుగుతున్న. ఆ దినం తర్వాత ఎవరి మీద చెయ్యి లేపలే. బుద్ధొచ్చి కాదు, చెయ్యి లేపితే మణికట్టు కనపడ్తది. దాని పండ్ల గాట్లు వరుసగ ఉన్నయి, నడిమిట్ల ఒకటి లేదు.

మూడు నెలలు ఎన్నడో దాటినయి. కట్టుడు పన్ను పెట్టిస్తనని మరిది ఎంత చెప్పినా అది దవాఖానకు పోలే. బిల్డింగుల మాస్కు పెట్టుకొని నా వాష్‌రూమ్‌లే కడుగుతున్నది. గల్లీల ఎవరితోని మాట్లాడినా కొంగు అడ్డం పెట్టుకుంటది. పొద్దుగాల నల్లా కాడ నేను ఎదురైతే మాత్రం కొంగు తీసేస్తది. తీసి, నోరంత తెరిచి, ఎన్కటి లెక్కనే నవ్వుతది. బిందె ఎత్తుకొని పోతది.

నీ మంచికే కడిగిన అని ఇంక అంటలేను. మురికి అనుకొనే రుద్దిన అని ఒట్టు పెట్టుకుంటలేను. ఆ పోగు గోటికి తగిలినప్పుడు నా చెయ్యి ఆగింది, అది మాత్రం నాకు మంచిగ యాదికుంది. ఆగిన చెయ్యి మళ్ళ ఎందుకు రుద్దిందో అది అడిగితే, నాకు తెల్వదు.